ఆల్ ఇన్ వన్ అక్వేరియంలో హీటరు ఎక్కడ పెట్టాలి? గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం చుట్టుపక్కల చేపల మాటెత్తితే ముందు ఎకరాల లెక్కే వస్తుంది. ఇక్కడ లెక్క లీటర్లలో. హాల్లో టీవీ పక్కన పెట్టుకునే 30, 60, 100 లీటర్ల గాజు ట్యాంకు, దాని వీపుకే కట్టేసినట్టు రెండు మూడు సన్నటి గదులు, ఆ గదుల్లోనే స్పాంజి, ఫిల్టరు సామాను, పంపు. దీన్నే ఆల్ ఇన్ వన్ అంటున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వైర్లూ గొట్టాలూ కనబడవు. చలికాలం రాగానే మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: ఈ హీటరు ఎక్కడ దూర్చాలి? నన్ను అడిగినవాళ్లకి ఇన్నాళ్లూ ఫోన్లో విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు మన ప్రాంతంలో హీటరు అవసరమా?

చాలామందికి అవసరం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే కొందరికి డబ్బులైనా మిగులుతాయి.

డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకా తెల్లవారుజామున బయట 18, 20 డిగ్రీల దాకా దిగుతుంది. ఇంటి లోపల అంతకంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పంపు వేడి, లైటు వేడి, పైన మూత కలిసి నీటిని ఇంకాస్త వెచ్చగా ఉంచుతాయి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు 22 డిగ్రీల్లో నిక్షేపంగా తిరుగుతాయి. గోల్డ్ ఫిష్‌కి చన్నీళ్లే సుఖం, దానికి హీటరు కొననే కొనకండి.

ఫైటరు చేపకి 25 నుంచి 28, ఏంజెల్‌కి 24 నుంచి 28 ఉంటే బాగుంటుంది. డిస్కస్ పెంచేవాళ్లకి 28 నుంచి 30 కావాలి, వాళ్లకి ఇక్కడ కూడా హీటరు తప్పదు.

కొనేముందు ఒక పని చేయండి. పది రోజులు థర్మామీటరు ఒక్కటే ట్యాంకులో ఉంచండి. ధనుర్మాసంలో గుడి మైకు మోగే వేళకి లేచి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాసుకోండి. పొద్దున అంకె కన్నా, పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య తేడా ముఖ్యం. 30 లీటర్ల చిన్న ట్యాంకులో ఆ తేడా నాలుగైదు డిగ్రీలు కనిపిస్తే హీటరు పెట్టుకోవడమే మంచిది. చేపకి చలి కన్నా రోజూ ఈ ఊగులాట ఎక్కువ కష్టం.

వెనక మూడు గదులున్నాయి. ఏ గదిలో పెట్టాలి?

నీటిమట్టం మారకుండా, నీరు కదులుతూ ఉండే గదిలో. చాలా ట్యాంకుల్లో అది నడిమి గది.

ఎందుకో తెలియాలంటే నీరు ఎలా తిరుగుతుందో ఒకసారి చూడాలి. ముందు ట్యాంకులోని నీరు దువ్వెన పళ్లలాంటి సందుల్లోంచి మొదటి గదిలోకి దిగుతుంది. అక్కణ్ణుంచి అడుగున ఉన్న ఖాళీలోంచి రెండో గదిలోకి పోయి, పైకి లేచి, ఒక గోడ మీంచి పొర్లి మూడో గదిలో పడుతుంది. మూడో గదిలో ఉన్న పంపు దాన్ని మళ్లీ ముందుకి నెడుతుంది.

ఆ గోడని ధవళేశ్వరం ఆనకట్ట అనుకోండి. 1852లో కాటన్ దొర అక్కడ పూర్తి చేయించిన కట్టడం చేసిన పనే, వేలెడు మందం లేని ఈ పలకా చేస్తుంది. ఎగువన మట్టం గోడ ఎత్తు దగ్గర నిలబడిపోతుంది. హెచ్చుతగ్గులన్నీ దిగువనే. మొదటి రెండు గదులూ ఎగువ, పంపు గది దిగువ. ట్యాంకు మొత్తంలో ఆవిరైన ప్రతి చుక్కా పంపు గదిలోనే తగ్గినట్టు కనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. ముందు ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు అనుకుందాం. ఒక లీటరు నీరు అక్కడ తగ్గితే మట్టం అర సెంటీమీటరు పడుతుంది, మీరు గమనించను కూడా గమనించరు. అదే లీటరు 10 సెంటీమీటర్లకి 12 సెంటీమీటర్లున్న పంపు గదిలో తగ్గితే 8 సెంటీమీటర్లు పైగా పడిపోతుంది. 20 సెంటీమీటర్ల హీటరు ఆ గదిలో నిలబెడితే మూడో వంతు పైన ఒళ్లంతా బయటికి వచ్చేసినట్టే.

మొదటి గది కూడా పనికొస్తుంది. కాకపోతే పై నుంచి వచ్చే చెత్తా, ఆకు ముక్కలూ, తినగా మిగిలిన మేతా ముందు అక్కడే చేరతాయి, రోజూ చెయ్యి పెట్టాల్సిన గది అదే. చెయ్యి పెట్టే గదిలో గాజు హీటరు ఉండటం నాకు ఇష్టం లేదు. రెండో గది సామానుతో నిండిపోయి ఉంటే అప్పుడు మొదటి గదే గతి.

మా ట్యాంకులో ఏ గది మట్టం పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

అన్ని కంపెనీలూ గోడలు ఒకేలా పెట్టవు. కొన్నింట్లో రెండో గదికీ పంపు గదికీ మధ్య గోడ పైనుంచి కాకుండా అడుగునుంచి దారి ఉంటుంది. అలాంటప్పుడు ఆ రెండు గదులూ కలిసే పడతాయి. ఇంకొన్నింట్లో దువ్వెన సందులు కింది దాకా ఉంటాయి, అందులో ముందు ట్యాంకు మట్టం కూడా దిగుతుంది.

కాగితం మీద బొమ్మ చూసి తేల్చుకునే బదులు, పంపు తిరుగుతుండగా ప్రతి గది గాజు మీదా మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. రెండు రోజులు నీళ్లు పోయకండి. మూడో రోజు ఏ గదిలో నీరు గీత దగ్గరే ఉందో ఆ గది హీటరుది. ఈ పరీక్ష హీటరు పెట్టకముందే చేయాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

పంపు గదిలో తప్ప చోటే లేదు. అప్పుడు?

20, 30 లీటర్ల బుల్లి ట్యాంకుల వాళ్లకి ఇదే ఇబ్బంది. నిలువు గాజు హీటరు అక్కడ వద్దు. పొట్టిగా, చదునుగా ఉండే ప్లాస్టిక్ హీటర్లు దొరుకుతున్నాయి, అది తెచ్చి గది అడుగున పెట్టండి. పంపుని చిన్న పీట లాంటిదాని మీద ఎత్తి, హీటరు కన్నా పైన ఉండేలా చూడండి. నీరు తగ్గితే ముందు పంపు గాలి లాగి గరగరమంటుంది. ఆ చప్పుడు వినగానే నీళ్లు పోస్తారు, అప్పటికి హీటరు ఇంకా మునిగే ఉంటుంది.

తేలియాడే బంతితో నీళ్లు తనంతట తానే నిండే ఏర్పాటు పెట్టుకోగలిగితే ఇంకా మేలు. మన ఇళ్ల మీద సింటెక్సు ట్యాంకుకి ఉండే బాల్ వాల్వు లాంటిదే, కాస్త చిన్నది. పీటా బంతీ రెండూ కుదరకపోతే ఆ ట్యాంకులో హీటరు అక్కర్లేని చేపల్ని పెంచుకోండి.

నీరు తగ్గితే హీటరు నిజంగా పగులుతుందా?

నాది పగిలింది. మూడో ఏడు అనుకుంటా, సంక్రాంతికి నాలుగు రోజులు అత్తారింటికి వెళ్లాం. హీటరు పంపు గదిలోనే ఉంది. కనుమ మర్నాడు సాయంత్రం తిరిగొచ్చేసరికి పంపు పిల్లిలా గురక పెడుతోంది, హీటరు సగం బయటికి తేలి ఉంది. నేను చేసిన తప్పు అప్పుడు చేసింది. కంగారులో ప్లగ్గు తీయకుండా ఒక చెంబుడు చన్నీళ్లు తెచ్చి అదే గదిలో పోశాను. టప్‌మని ఒక్క చప్పుడు. మెయిన్ దగ్గర బ్రేకరు పడిపోయింది కాబట్టి నాకూ చేపలకీ ఏమీ కాలేదు.

బయటికి వచ్చిన భాగానికి వేడి తీసుకుపోయే నీరు ఉండదు, గాజు కాలిపోతుంది. కాలిన గాజు మీద చన్నీరు పడితే పొయ్యి మీద గాజు గ్లాసు పెట్టి నీళ్లు పోసినట్టే. చాలా హీటర్ల మీద కనీస మట్టం అని ఒక గీత ఉంటుంది, నీరు దానికి పైనే ఉండాలి. హీటరు బయటపడి కనిపిస్తే ముందు ప్లగ్గు తీయండి, ఇరవై నిమిషాలు ఆగండి, తర్వాతే నీళ్లు. వారం వారం నీరు మార్చేటప్పుడూ ఇదే వరస.

స్పాంజికీ ఫిల్టరు సామానుకీ ఆనించి పెట్టొచ్చా?

వద్దు. చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. స్పాంజి కమ్మేస్తే వేడి అక్కడే ఆగిపోతుంది, థర్మోస్టాటు (వేడిని బట్టి హీటరుని తనంతట తానే వేసి ఆపే భాగం) నీరు వేడెక్కిపోయిందనుకుని ఆపేస్తుంది, ముందు చేపలు చల్లగానే ఉంటాయి. ప్లాస్టిక్ గోడకి తగిలినా గోడ మెత్తబడొచ్చు. రెండో గదిలో బుట్టలు ఉంటే పై బుట్ట ఒకటి తీసేసి చోటు చేయండి. ఈ ట్యాంకులతో ఇచ్చే సామానులో సగం అలంకారానికే అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. మొదటి గదిలో దూది, స్పాంజి మూసుకుపోతే నీరు వెనక్కి రావడం తగ్గుతుంది, పంపు మాత్రం తోడేస్తూనే ఉంటుంది. తూములో గుర్రపుడెక్క అడ్డంపడితే దిగువ పొలానికి నీరందనట్టు, పంపు గది గంటల్లో ఎండిపోతుంది. ఆవిరి కాకపోయినా మట్టం పడే సందర్భం ఇదొకటి. నడిమి గదిలో హీటరు ఉంటే దీనికీ భయం లేదు, గోడ ఎత్తుదాకా నీరు అలాగే నిలిచి ఉంటుంది.

నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా?

పూర్తిగా మునిగే రకమైతే ఎలాగైనా పెట్టొచ్చు. వెనక గదుల్లో నిలువుగా తప్ప పట్టదు కాబట్టి ప్రశ్నే లేదు. కొనేముందు గది లోతు, వెడల్పు స్కేలుతో కొలుచుకుని వెళ్లండి.

వెనక గదుల గొడవ లేకుండా ముందు ట్యాంకులోనే పెడితే?

పెట్టొచ్చు, అందం పోతుందన్న బాధ ఒక్కటే. వెనక గోడకి దగ్గరగా, అడుగుకి నాలుగు వేళ్ల ఎత్తున అడ్డంగా, పంపు నీరు విసిరే దారిలో ఉండాలి. మొక్కలుంటే వాటి వెనక దాగిపోతుంది. ప్లెకో లాంటి చేపలు వెచ్చగా ఉందని దాన్ని అంటిపెట్టుకుని కాల్చుకుంటాయి, కాబట్టి ప్లాస్టిక్ జాలీ తొడుగు ఉన్నది తీసుకోండి. ఇసకలో మాత్రం కప్పెట్టకండి.

ఎన్ని వాట్లు తీసుకోవాలి?

షాపులో లీటరుకి ఒక వాటు అంటారు. మన చలికి అది సరిపోయి మిగులుతుంది. 60 లీటర్లకి 50 వాట్లు చాలు.

పెద్దది కొంటే తొందరగా వేడెక్కుతుంది కదా అంటారు. అదే ప్రమాదం. ఏ హీటరైనా చివరికి పాడయ్యేది థర్మోస్టాటు దగ్గరే, అది అతుక్కుపోతే హీటరు ఆగకుండా మండుతూనే ఉంటుంది. 60 లీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 50 వాట్లకి దాదాపు గంటన్నర పడుతుంది, 200 వాట్లకి ఇరవై నిమిషాలు. పైగా నీరు వేడెక్కేకొద్దీ గదిలోకి వేడి పోతుంటుంది కాబట్టి చిన్న హీటరు ఒక స్థాయి దాటలేదు. చిన్నది అతుక్కుపోతే పొద్దున లేచి మీరు గమనించే వ్యవధి ఉంటుంది. పెద్దది అతుక్కుపోతే పొద్దున్నకి పులుసే.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు. 50 వాట్లు రోజుకి 12 గంటలు వెలిగినా నెలకి 18 యూనిట్లు.

హీటరు 26 మీద పెట్టాను. థర్మామీటరు 24 చూపిస్తోంది. ఏది నిజం?

థర్మామీటరు. హీటరు తన చుట్టూ ఉన్న నీటి సంగతి మాత్రమే చెబుతుంది. ముందు ట్యాంకులో, పంపు నీరు పడే చోటుకి ఎదురు మూల థర్మామీటరు పెట్టి దాని మాటే నమ్మండి. తేడా ఒక డిగ్రీ అయితే హీటరు అంకె కాస్త పెంచి సరిపెట్టుకోవచ్చు. రెండు మూడు డిగ్రీలుంటే ప్రవాహం సరిగ్గా లేదని అర్థం. స్పాంజి కడగండి, పంపు మూతిలో నాచు చూడండి. స్టిక్కరు రకం థర్మామీటర్లు గది గాలిని కూడా కలిపి చెబుతాయి, నీటిలో మునిగేదే తీసుకోండి.

కరెంటు పోతే ఏమవుతుంది?

పంపు ఆగగానే ముందు ట్యాంకులో గోడకి పైన ఉన్న నీరంతా వెనక్కి దిగుతుంది. ఎగువ గదుల్లో హీటరు మునిగే ఉంటుంది, దానికి ఏమీ కాదు. ఇన్వర్టరు ఉన్నవాళ్లు ముందు పంపుని దాని మీద వేయండి. హీటరుని ఇన్వర్టరు మీద వేసి పంపుని వదిలేస్తే ఆ చిన్న గది మాత్రమే వేడెక్కి హీటరు ఆగిపోతుంది, చేపలకి ఒరిగేదేమీ లేదు. మన శీతాకాలంలో రెండు మూడు గంటలు హీటరు లేకపోతే కొంప మునగదు. తుపాను రోజుల్లో కరెంటు ఒకటి రెండు రోజులు రాకపోయినా, అది చాలావరకు అక్టోబరు, నవంబరులోనే కాబట్టి అప్పుడు కావాల్సింది వేడి కాదు, గాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

షాక్ భయం ఉంది. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

భయం ఉండాల్సిందే. మన పాత పెంకుటిళ్లలో చాలాచోట్ల ప్లగ్గు మూడో పిన్నుకి ఎర్త్ వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందు అది చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడిపోయే బ్రేకరు, ఒకటి మెయిన్ దగ్గర పెట్టించండి, నన్ను ఆరోజు కాపాడింది అదే. ట్యాంకు నుంచి వచ్చే వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒకసారి వేలాడి, మళ్లీ పైకి ఎక్కేలా ఉంచండి. వైరు వెంట జారిన చుక్క ఆ వంపులో కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయడం మాత్రం ఎన్ని పెట్టించినా మానకూడదు.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. హీటరు ఆన్‌లో ఉంచి వెళ్లాలా?

మనకి చలి ఎక్కువగా ఉండేదీ, ఇల్లు తాళం వేసేదీ ఒకే వారం. అందుకే ఈ ప్రశ్న ఏటా వస్తుంది.

హీటరు నడిమి గదిలో ఉంటే ఆన్‌లో ఉంచండి, అంకె ఒక డిగ్రీ తగ్గించండి. వెళ్లే ముందురోజు పంపు గది గీతదాకా నింపండి, దూది కొత్తది వేయండి. మూత ఉంటే వేసి వెళ్లండి, ఆవిరి బాగా తగ్గుతుంది. హీటరు పంపు గదిలో ఉంటే ఆపేసి వెళ్లమనే నా సలహా. 22 డిగ్రీల్లో నాలుగు రోజులు చాలా చేపలు బతికేస్తాయి. పగిలిన హీటరుతో బతకవు. పక్కింటి పిల్లాడికి మేత బాధ్యత అప్పజెబితే కాగితంలో చిటికెలు కట్టి రోజుకొకటి అని ఇవ్వండి, డబ్బా ఇవ్వకండి.

హీటరు లేకపోతే వైట్ స్పాట్ వస్తుందా?

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన వైపు వైట్ స్పాట్ అనగానే రొయ్యల చెరువు గుర్తొచ్చి గుండె ఆగినంత పనవుతుంది. రొయ్యలకి వచ్చేది వైరస్. అక్వేరియం చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వేసేది కంటికి కనబడని ఒక పరాన్నజీవి. పేరు ఒకటే, జబ్బులు వేరు. చెరువు నుంచి మీ గప్పీలకి ఆ వైరస్ రాదు.

చల్లదనం ఒక్కటే జబ్బు తేదు. పరాన్నజీవి ఎక్కడి నుంచో రావాలి, చాలావరకు కొత్తగా తెచ్చిన చేపతో వస్తుంది. ఒక్కసారిగా నీరు చల్లబడి చేప నీరసపడితే పట్టుకుంటుంది. కొత్త చేపని రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచితే హీటరు కన్నా ఎక్కువ మేలు.

సముద్రపు నీటి ట్యాంకుకి ఈ సలహాలు పనికొస్తాయా?

చోటు విషయంలో అన్నీ ఇవే. క్లౌన్ చేపకి 24 నుంచి 27 డిగ్రీలు. ఉప్పునీటి ట్యాంకులో ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది, కాబట్టి మట్టం తగ్గినప్పుడు ఉప్పు లేని ఆర్వో నీరే పోయాలి. చెరువుల వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. ఆ నీటిని పంపు గదిలో నెమ్మదిగా పోయండి, హీటరున్న గదిలో కాదు. అంతర్వేది వెళ్లినప్పుడు డబ్బాలో నీళ్లు తెచ్చుకుంటామనే మిత్రులకి ఒక మాట: వశిష్ట కలిసే చోట నీటికి సముద్రమంత ఉప్పదనం ఉండదు.

శివరాత్రి వెళ్లాక హీటరు తీసేయాలా?

తీసేయండి. మనకి అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లో. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే. ఆ వేడిలో థర్మోస్టాటు అతుక్కుపోయిన హీటరు ఒకటి వెనక గదిలో మర్చిపోయి ఉంటే ఇంకేం కావాలి. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే కాస్త చల్లబడుతుంది, కానీ మన ఉక్కపోతలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి హైదరాబాదులో పనిచేసినంత ఇక్కడ పనిచేయదు. పైగా పంపు గది రోజూ నింపాల్సి వస్తుంది.

తీసిన హీటరుకి తెల్లగా సున్నం పట్టి ఉంటుంది, బోరు నీళ్లు వాడేవాళ్లకి మరీనూ. నిమ్మరసంలో గాని వెనిగర్లో గాని తడిపిన గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొన్నప్పటి అట్టపెట్టెలోనే దాచండి. పెట్టె మీద కొన్న సంవత్సరం రాసుకోండి. మళ్లీ నెలగంట పెట్టిన రోజు బయటికి తీసి, ట్యాంకులో కాకుండా ముందు బకెట్ నీళ్లలో ఒక పూట నడిపి చూడండి.